మొగలిలంక మూడువేళ్ళ గిటారు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే, అది ఊరు కాదే చిట్టీ. లంక. అలా కళ్ళు పెద్దవి చెయ్యకు, పది తలకాయలాయన లంక కాదులే. గోదారి మధ్యలో మట్టి మేటేసి, ఆ మట్టిలో కొబ్బరిచెట్లు లేచి, ఆ చెట్ల కింద మనుషులు ఇళ్ళు కట్టుకుంటే మనవైపు దాన్ని లంక అంటారు. అనగనగా అలాంటి లంక ఒకటి. పేరు మొగలిలంక.

ఆ లంకలో మగాళ్ళు చేపలకి పోతారు, ఆడవాళ్ళు లేసు అల్లుతారు. లేసంటే తెలుసుగా? మీ అమ్మ టీవీ మీద తెల్లటి గుడ్డ పరిచింది చూడు, చిల్లులు చిల్లులుగా, పువ్వులు పువ్వులుగా. అదీ లేసంటే. కుడిచేతిలో కొక్కెం ఉన్న సూది, ఎడంచేతి మీద సన్న నూలు. కూచున్నచోట కదలకుండా పువ్వు పుట్టించేస్తారు.

అలా అల్లేవాళ్ళల్లో ఎలీసమ్మ అని ఒకావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు వేట బోటెక్కి సముద్రం మీదికి పోతే పదిహేను రోజులకి గానీ ఇల్లు చేరడు. అంచేత ఇంట్లో ఎప్పుడు చూసినా ఇద్దరే, అత్తగారు దయమ్మ, కోడలు ఎలీసమ్మ.

ఎలీసమ్మ పువ్వంటే లంకంతా పేరు. ఎందుకంటావ్? ఆవిడ వేళ్ళు అంత మెత్తన. సన్న నూలుకి ఉక్రోషం ఎక్కువమ్మా. వేలు కాస్త గరుగ్గా తగిలిందా, అక్కడే పట్టుకుని పీచు పీచుగా రేగిపోతుంది. అందుకని ఆ లంకలో లేసు పట్టిన ప్రతి ఆడమనిషీ పడుకునే ముందు వేళ్ళకి కొబ్బరినూనె పట్టించుకుంటుంది. దయమ్మయితే కోడలి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని తనే రాసేది. తిడుతూనే రాసేదనుకో. రాయడం మాత్రం ఒక్కపూటా మానలేదు.

ఆ లంకలో చిన్న చర్చి ఉంది. ఆదివారం ఆదివారం అందరూ చేరి పాడతారు. గొంతులకేం తక్కువ, గోదారి నీళ్ళు తాగిన గొంతులు! వాయిద్యమే లేదు. దాంతో ఏమయ్యేదంటే, పాట మొదటి చరణం నేల మీద మొదలయ్యేది. రెండో చరణానికి అరుగెక్కేది. మూడో చరణానికి కొబ్బరిచెట్టు మొవ్వులో పోయి కూచునేది. అక్కణ్ణించి దాన్ని దింపలేక అందరూ దగ్గులు మొదలెట్టేవాళ్ళు.

అప్పుడు ఆ లంక ఆసుపత్రికి ఒక నర్సమ్మగారొచ్చింది. వస్తూ వస్తూ గిటారు తెచ్చుకుంది. ఆవిడ చర్చిలో గిటారు వాయించిన మొదటి ఆదివారం పాట ఎక్కడికీ పోలేదు. మొదటి చరణం ఎక్కడుందో మూడో చరణమూ అక్కడే ఉంది. ఎలీసమ్మ పాడుతూ పాడుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఎందుకే ఏడుస్తావ్?" అని దయమ్మ గొణిగింది.

"నా గొంతు కింద ఎవరో పీటేసినట్టుందత్తా" అంది ఎలీసమ్మ.

అలా మూడేళ్ళు బంగారంలా గడిచాయి. ఆ తర్వాత నర్సమ్మగారికి బదిలీ అయింది. వెళ్తూ గిటారు లంకకే ఇచ్చేసింది. ఇస్తూ చర్చిపెద్ద యోబు గారికి ఒక మాట చెప్పింది. "వాయించేవాళ్ళుంటే ఇక్కడే ఉంచండి తాతగారూ. లేకపోతే పట్నం చర్చికి ఇచ్చెయ్యండి. మూల పడేసి చెదలకి మాత్రం ఇవ్వకండి" అంది.

యోబు గారు మాటంటే మాటే. పై ఆదివారం గిటారు తెచ్చి అందరి ముందూ పెట్టాడు. "కోత పండగకి మూడు నెలలుంది. ఆ రోజుకి మనలో ఎవరైనా ఒక పాట, మొదటినించి చివరిదాకా వాయించారా, ఇది మనది. లేదా, ఆ రోజే పట్నం వాళ్ళొచ్చి పట్టుకుపోతారు" అన్నాడు. కోత పండగంటే తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెట్టుకునే పండగ. లంకకి అంతకన్నా పెద్ద పండగ లేదు.

ఆడవాళ్ళు చాప చూశారు. మగాళ్ళు గోడ చూశారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"నేను నేర్చుకుంటానండి."

ఎవరనుకున్నావ్? ఎలీసమ్మే! దయమ్మ గబుక్కున కోడలి కొంగు పట్టి లాగింది. "కూచోవే! అదేమన్నా కూరగాయల బుట్టా, ఎత్తుకుని పోవడానికి?"

"బుట్టయితే నువ్వే మోసేదానివిగా అత్తా" అంది ఎలీసమ్మ. అని కూచోలేదు. నడుచుకుంటూ పోయి గిటారు తీసుకుని వచ్చింది.

తీసుకునైతే వచ్చింది. నేర్పేదెవరు?

అప్పుడు ఆవిడకి స్తెఫను బాబాయి గుర్తొచ్చాడు. స్తెఫను బాబాయి వయసులో ఉండగా పెళ్ళి బ్యాండులో గిటారు కొట్టినవాడు. ఇప్పుడు పంటు మీద టికెట్లిస్తున్నాడు. పంటు చూళ్ళేదు కదూ నువ్వు? రెండు పడవలు పక్కపక్కన కట్టి, మీద చెక్కలు పరిచి, ఇంజను బిగిస్తారు. మనుషులూ, మోటారుసైకిళ్ళూ, కోళ్ళ గంపలూ అన్నీ దాని మీదే ఏరు దాటతాయి. ఎలీసమ్మ ప్రతి గురువారం అల్లిన లేసు మూటగట్టుకుని పంటెక్కి, అవతలి గట్టున లేసులు పోగుచేసే సూరమ్మ గారికి ఇచ్చి వస్తుంది.

"బాబాయ్, నాకు గిటారు నేర్పాలి" అంది.

"నాకు తీరికేదమ్మాయ్? ఈ రేవులో జనం, ఆ రేవులో జనం."

"ఏటి మధ్యలో జనం ఎక్కరు కదా?"

స్తెఫను బాబాయి నవ్వేశాడు. "ఆయ్, నిజమే! పోయేటప్పుడు పావుగంట, వచ్చేటప్పుడు పావుగంట. కూచో అయితే."

మొదటి గురువారం ఎడంచేతికి పనే చెప్పలేదాయన. మజ్జిగ డబ్బా మూత కత్తిరించి చింతాకంత... కాదు కాదు, చింతగింజంత ముక్క చేసి ఆవిడ కుడిచేతిలో పెట్టాడు. "ఇంజను వినపడుతోందా? డబ్, డబ్, డబ్, డబ్. అది డబ్బన్నప్పుడల్లా తీగల మీద పైనించి కిందికి గీకు. చెయ్యి మొత్తం ఊపకు. గిన్నెలు కడిగి తడిచెయ్యి ఎలా విదిలిస్తావ్? అలాగ, మణికట్టు దగ్గర."

ఎలీసమ్మ విదిలించింది. గంపలో కోళ్ళన్నీ ఒక్కసారి లేచాయి.

"ఓలమ్మో, నా కోళ్ళు గుడ్లు మానేస్తాయే!" అని కోళ్ళమ్మే ముసలమ్మ గగ్గోలు పెట్టింది.

"అలవాటవుద్ది పెద్దమ్మా" అంది ఎలీసమ్మ, విదిలించడం ఆపకుండా.

ఆ తర్వాత మూడు గురువారాల్లో మూడు కార్డులు నేర్పాడు. కార్డంటే మూడు వేళ్ళతో మూడుచోట్ల తీగలు నొక్కి పట్టుకోవడం. అప్పుడు గీకితే అన్ని తీగలూ కలిసి ఒకే మాట పలుకుతాయి. ఆ కార్డుల పేర్లు డి, జి, ఏ.

"పేర్లకి బెదిరిపోకు" అన్నాడు స్తెఫను బాబాయి. "డి అంటే మన రేవనుకో. పాట అక్కడే ఎక్కుతుంది. జి అంటే నడి ఏరు. ఏ అంటే అవతలి రేవు దగ్గరపడ్డ చోటు. అక్కడ ఆగిపోవడం ఎవడి తరమూ కాదు, ఒడ్డుకి చేరి తీరాల్సిందే. ఈ మూడూ వస్తే లోకంలో సగం పాటలొచ్చినట్టే. ఇంకోటి విను. ఎడంచెయ్యి తప్పుతుంది, తప్పనీ. కుడిచెయ్యి మాత్రం ఆపావో, ఏటి మధ్య ఇంజను ఆపినట్టే."

చెప్పడం తేలికే. నొక్కడమే కష్టం. ఉక్కు తీగలమ్మా అవి! వెన్నలాంటి వేళ్ళ మీద కొడవళ్ళలా దిగేవి. గట్టిగా నొక్కితే ప్రాణం లాగేసేది. నొప్పికి వదులు చేస్తే 'టప్' మని చచ్చిన మోత. పైగా వేళ్ళు తీగల మీద నిలవవు, జారిపోతాయి. ఎలీసమ్మ ఏమన్నా తక్కువదా? పొద్దున వంటయ్యాక కూచునేది, మళ్ళీ సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు కూచునేది.

"ఆ పెట్టె ఏడుస్తోందా, నువ్వు ఏడిపిస్తున్నావా?" అని దయమ్మ దెప్పేది. దెప్పి, వేళ్ళు కందిపోయాయని జాలేసి, ఇదివరకు ఒక్కపూట రాసే నూనె రెండు పూటలా రాయడం మొదలెట్టింది.

నెల గడిచింది. మొదటిరోజు ఎంత నొప్పో ముప్పయ్యో రోజూ అంతే నొప్పి. డి కార్డు అప్పటికీ కప్ప బెకబెకలాగే ఉంది.

స్తెఫను బాబాయికి అంతు పట్టలేదు. "ఈపాటికి వేళ్ళ కొనల్లో కాయ కాసి గట్టిపడాలే! చెయ్యి పట్టు" అన్నాడు. చూశాడు. కాయా లేదు, కసుగాయా లేదు. నున్నగా, పసిపిల్ల బుగ్గల్లా మెత్తగా ఉన్నాయి. అప్పుడు వాసన చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది? కొబ్బరినూనా?"

"అవును బాబాయ్. నొప్పని మా అత్త రెండు పూటలా రాస్తోంది."

స్తెఫను బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "పగలంతా నువ్వు గోడ కడుతున్నావు, సాయంత్రం మీ అత్త దాని మీద కుండెడు నీళ్ళు పోస్తోంది! ఇంక లేచేదెప్పుడు ఆ గోడ?" అన్నాడు. పంటు మీద జనమంతా నవ్వారు. ఎలీసమ్మ కూడా నవ్వింది. లంకలో పుట్టిందానికి నూనె రాసుకోవద్దని ఎవరు చెప్తారు చెప్పు? చేతికి నూనె వద్దనడం, తలకి దువ్వెన వద్దన్నట్టు!

రెండో నెల నూనె మానేసింది.

"నా చెయ్యి చేదయిందా?" అని దయమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కూర రుచి చూడమనే వంకతో మళ్ళీ మాట కలిపిందనుకో.

అప్పుడు చూడాలి! వారానికి వేళ్ళు ఎర్రబడ్డాయి. రెండో వారానికి తోలు లేచింది. మూడో వారానికి చూపుడు వేలూ, నడి వేలూ, ఉంగరం వేలూ మూడింటికీ కందిగింజంతేసి కాయలు. తీగ నొక్కితే వేలు నొప్పెట్టడం లేదు, తీగే మూలుగుతోంది. డి కార్డు గంటలా మోగింది. పంటు మీద కోళ్ళు లేవలేదు. ఒకటి కళ్ళు మూసుకుంది కూడా.

ఎలీసమ్మ పొంగిపోయింది. పొంగిపోతూనే లేసు మూట తీసుకెళ్ళి సూరమ్మ గారి ముందు విప్పింది. సూరమ్మ గారు కళ్ళజోడు పైకెత్తి చూసింది, దించి చూసింది.

"ఇదేంటి ఎలీసమ్మా? పువ్వుకి గడ్డం మొలిచింది!"

నిజమేనమ్మా. పువ్వు పువ్వంతా సన్నటి పీచు. గరుకు వేలి మీద పరిగెత్తి పరిగెత్తి నూలు రేగిపోయింది.

"నీ పువ్వని నేను లెక్కపెట్టకుండా, చూడకుండా పంపేదాన్ని" అంది సూరమ్మ గారు. తిట్టలేదు, నెమ్మదిగానే అంది. "ఇంకోసారి ఇలాంటిదే వచ్చిందంటే నీకు నూలివ్వలేను. నన్ను కూడా పైన అడిగేవాళ్ళున్నారు కదా."

ఆ రోజు పంటు మీద ఎలీసమ్మ గిటారు మోగించలేదు. ఒళ్ళో పెట్టుకుని ఏరు చూస్తూ కూచుంది. లేసంటే ఆవిడకి అన్నం. బోటు రాని రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నూలు పోగు వల్లే. మరి గిటారు? అది పోతే ఆదివారం పాట మళ్ళీ చెట్టెక్కుతుంది. పీట లాగేస్తే నిలబడ్డవాడు ఏమవుతాడు?

ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. దయమ్మ అంతా విని, "నూనె రాస్తే పాట లేదు. రాయకపోతే లేసు లేదు. తేల్చుకో. లేసు కావాలా, గిటారు కావాలా?" అంది.

"రెండూ కావాలి."

"ఎలాగే?"

"ఎలాగో ఇంకా తెలీదత్తా. కానీ రెండూ కావాలి."

అదీ ఎలీసమ్మంటే!

మర్నాడు పొద్దున్నే వెలుగులో గుమ్మంలో కూచుని లేసు పట్టుకుంది. అల్లడానికి కాదు, చూడ్డానికి. నువ్వు మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తావో చెప్పు చూద్దాం? తెలీదు కదూ? ఆవిడకీ అంతే. ఏడో ఏట సూది పట్టింది, ఇరవై ఎనిమిదేళ్ళు అల్లింది, ఒక్కరోజు కూడా తన చేతిని తను చూసుకోలేదు. ఇప్పుడు ఒక్కో కుట్టూ నెమ్మదిగా వేస్తూ చూసింది.

ఎడంచేతి బొటనవేలూ నడి వేలూ పువ్వుని పట్టుకుంటున్నాయి. అంతే, పట్టుకుని ఊరుకుంటున్నాయి. గరుకైతే ఇంకా మంచిదే, పువ్వు జారదు. చిటికిన వేలికి నూలు చుట్టుకుంది, అదీ వేలి మొదలు దగ్గర, కొనకి తగలడం లేదు. ఉంగరం వేలు ఊరికే పక్కన నిలబడింది. మరి నూలు పరుగులు పెట్టేది ఎక్కడ? చూపుడు వేలి కొన మీద. ఒక్క చూపుడు వేలి కొన మీదే!

"అత్తా!" అని కేక పెట్టింది.

దయమ్మ పొయ్యి దగ్గర్నించి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? తేలు కుట్టిందా?"

"నూనె తే. ఈ వేలికి రాయి. ఇదొక్కదానికే."

"మిగతావాటికో?"

"వాటికి వేరే ఉద్యోగం దొరికిందత్తా."

దయమ్మ నవ్వు వచ్చినట్టు కనపడనివ్వకుండా నూనె సీసా కోసం లోపలికి పోయింది.

ఇంతకీ ఎలీసమ్మ ఏం చేసిందంటే, స్తెఫను బాబాయి నేర్పిన మూడు కార్డులకీ చూపుడు వేలూ, నడి వేలూ, ఉంగరం వేలూ కావాలి. ఆవిడ చూపుడు వేలిని పనిలోంచి తీసేసింది. దాని పని నడి వేలికిచ్చింది. నడి వేలి పని ఉంగరం వేలికి. ఉంగరం వేలి పని చిటికిన వేలికి. ఒక్కో వేలూ పక్కింట్లోకి మారింది, అంతే.

స్తెఫను బాబాయి చూసి మొహం చిట్లించాడు. "అది పద్ధతి కాదమ్మాయ్. పట్నం వాళ్ళు చూస్తే నవ్వుతారు."

"పట్నం వాళ్ళు లేసు అల్లుతారా బాబాయ్?"

"అల్లరనుకో. కానీ ఉన్నవి నాలుగు గురువారాలు. ఆ చిటికిన వేలు చేత పని చేయించగలవా?"

అక్కడే ఉంది చిక్కంతా. చిటికిన వేలు పెళ్ళికొచ్చిన చిన్న ఆడపడుచులాంటిదమ్మా. అన్నిట్లో నేనూ ఉన్నానంటుంది, పని చెప్తే అలిగి ముడుచుకుంటుంది. డి కార్డులో రెండో తీగ మీద దాన్ని పెడితే పడిపోయేది. జి కార్డులో చివరి తీగ మీద పెడితే పక్కకి ఒరిగేది. ఎలీసమ్మ వదల్లేదు. చెంబు మోసినా చిటికిన వేలితోనే, తలుపు గెడ తీసినా చిటికిన వేలితోనే. మేకపిల్ల తాడు కూడా చిటికిన వేలికే చుట్టుకుని తోలుకెళ్ళేది.

"మేక నిన్ను మేపుతోందా ఏంటే?" అని దయమ్మ అడిగేది.

మొదటి వారం చిటికిన వేలు జారింది. రెండో వారం నిలబడింది గానీ ఒక కార్డునించి ఇంకో కార్డుకి పోవడానికి తెల్లారేది. అప్పుడు ఎలీసమ్మ ఒక పని చేసింది. గీకడం మానేసి, ఊరికే కార్డు పట్టుకోవడం, వదలడం, ఇంకోటి పట్టుకోవడం, వదలడం. రేవు, నడి ఏరు, రేవు. రోజుకి నూరుసార్లు. మూడో వారం పంటు ఇంజనుతో పాటు కార్డులు మారాయి. ఇంజను ముందు పోలేదు, ఎలీసమ్మ వెనకపడలేదు.

ఆ గురువారమే సూరమ్మ గారు లేసు చూసి, "గడ్డం గీయించావే!" అంది. అని, రెట్టింపు నూలుండలు చేతిలో పెట్టింది.

ఆ తర్వాత కోత పండగ రానే వచ్చింది.

ఏం చెప్పను ఆ సందడి! చర్చిలో ఒక పక్క అరటిగెలలు, ఒక పక్క కొబ్బరికాయలు, మధ్యలో గుమ్మడికాయలు. ఎవరో కాళ్ళు కట్టేసిన పుంజుని తెస్తే అది ప్రార్థన మధ్యలో కూత కూసింది. పట్నం చర్చినించి జాయ్‌కిరణ్ అని ఒక కుర్రాడొచ్చాడు, వాళ్ళ చర్చిలో గిటారు వాయించేది అతనే. వస్తూ వస్తూ గిటారు పట్టుకుపోవడానికి నల్లటి సంచి కూడా తెచ్చుకున్నాడు. అంత నమ్మకం!

ఎలీసమ్మ ముక్కాలిపీట మీద కూచుంది. లంకంతా ఆవిడ చేతులకేసే చూస్తోంది. ఎడంచేతి మూడు వేళ్ళూ తీగల మీద పెట్టి, చూపుడు వేలు పైకెత్తి పట్టుకుంది. మనసులో ఇంజను వేసుకుంది. డబ్, డబ్, డబ్, డబ్.

"తొలి గెల నీదే, తొలి గింజ నీదే, తొలి పొద్దు మాట నీదే దేవా" అని పాట లేచింది. మొదటి చరణం చక్కగా ఏరు దాటింది.

రెండో చరణంలో డి కార్డు దగ్గర చిటికిన వేలు జారింది. 'టప్' మంది. దయమ్మ గుండె కూడా టప్‌మంది. కానీ ఎలీసమ్మ కుడిచెయ్యి ఆగలేదు. చచ్చిన మోతే అయినా కొట్టుకుంటూ పోయింది, ఆ లోపల చిటికిన వేలు దాని చోటు అది వెతుక్కుంది. మళ్ళీ గంట మోగింది. మూడో చరణం వచ్చేసరికి జనం పాడుతున్నారో, గోదారే పాడుతోందో తెలియలేదు. ఎక్కడ మొదలెట్టారో అక్కడే, ఒక్క మెట్టు ఎక్కకుండా, ఒక్క మెట్టు దిగకుండా పాట ముగిసింది.

చప్పట్లు కొట్టబోతున్నారు. అప్పుడు జాయ్‌కిరణ్ లేచాడు. "ఒక్క మాటండి. ఆంటీ పట్టుకునే పద్ధతి తప్పండి. చూపుడు వేలు వాడనేలేదు. మాకు నేర్పేటప్పుడు ఇలా పడితే చేతి మీద ఒకటిస్తారు. దీన్ని వాయించడం అనరండి."

అందరూ యోబు గారికేసి చూశారు. యోబు గారు నెమ్మదిగా లేచి, కర్ర తడుముకుంటూ ముందుకొచ్చాడు.

"నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు బాబూ. వేళ్ళు కనపడలేదు. పాటొక్కటే వినపడింది. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. కళ్ళు మూసుకుని తలుచుకో. పాటలో తప్పు వినపడిందా?"

జాయ్‌కిరణ్ మంచి పిల్లాడే. కళ్ళు మూసుకున్నాడు. "రెండో చరణంలో ఒకచోట మోత చచ్చిందండి."

"పాట ఆగిందా?"

"ఆగలేదండి."

"మొదటినించి చివరిదాకా వెళ్ళిందా?"

"వెళ్ళిందండి."

"ఇంకేం మరి?" అని దయమ్మ లేచి నిలబడింది. మూడు నెలలు దెప్పిన దయమ్మే! "నర్సమ్మ వాయించేవాళ్ళుంటే ఉంచుకోమంది. ఏ వేలితో వాయించాలో కాగితం రాసిచ్చిందా? నా కోడలు మూడు వేళ్ళతో వాయించింది. నువ్వు నాలుగుతో వాయించుకో నాయనా, ఎవరొద్దన్నారు!"

జనం గొల్లున నవ్వారు. జాయ్‌కిరణ్ కూడా నవ్వేశాడు. "అసలు ఆ వేలినెందుకు దాస్తున్నారాంటీ?" అని అడిగాడు.

ఎలీసమ్మ అరటిగెలల కింద పరిచిన తెల్లటి లేసు గుడ్డ కొస పైకెత్తి అతని చేతికిచ్చింది. "ఈ వేలు దీనిదయ్యా. ఈ మూడూ దానివి."

జాయ్‌కిరణ్ ఆ పువ్వు మీద చెయ్యి వేసి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గిటారు అడిగి తీసుకుని, చూపుడు వేలు ఎత్తి, ఆవిడలాగే డి కార్డు పట్టబోయాడు. చిటికిన వేలు జారి 'టప్' మంది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ 'టప్'. మూడోసారి వేలు మెలితిరిగి, "అమ్మో, ఇది నావల్ల కాదాంటీ!" అని గిటారు రెండు చేతులా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టేశాడు.

గిటారు మొగలిలంకలోనే ఉండిపోయింది. కుర్రాడి నల్లసంచి ఖాళీగా పంపలేదులే, అరటిపళ్ళు నింపి పంపారు.

పై గురువారం పంటు మీద ఎలీసమ్మ పక్కన ఇంకో ఇద్దరు లేసు ఆడవాళ్ళు కూచున్నారు. ఆ పై వారం నలుగురు. ఎలీసమ్మ ఎలా పడితే వాళ్ళూ అలాగే పట్టారు. వాళ్ళని చూసి వాళ్ళ పిల్లలు, పిల్లల్ని చూసి ఎదురింటివాళ్ళు. ఇప్పటికీ ఆ లంకలో గిటారు పట్టినవాళ్ళెవరైనా సరే, సూది మొహం చూడని మగాళ్ళు కూడా, చూపుడు వేలు పైకెత్తే వాయిస్తారు. ఎందుకురా అలా అంటే తల గోక్కుని, "గిటారంటే అంతే కదండీ, అలాగే కదా పడతారు" అంటారు.

ఏంటీ, నీ చూపుడు వేలు కూడా లేచిందే! సరే సరే, రేపు పొద్దున. ఇప్పుడు ఆ చెయ్యి దుప్పట్లో పెట్టు. పెట్టావా? ఇంక నాతో పాటు అను:

ఏరు దాటి, ఊరు దాటి, కథ కంచికి!
గట్టు దిగి, గడప ఎక్కి, మనం ఇంటికి!
పక్క మీద పొర్లి పొర్లి, నిద్ర కంటికి!